కొండమ్మలో ‘డ’

మార్కాపురంలో మూతపడిన పలకల ఫ్యాక్టరీ వెనక వీధి. అరుగు మీద అవ్వ, మనవరాలు కూర్చున్నారు. అవ్వ ఒడిలో పలక, దాని మీద ఆమె అప్పుడే రాసిన తన పేరు ఉన్నాయి.

“అవ్వా, రేపు మహిళా సంఘం లీడరుగా నువ్వు సంతకం పెట్టాల. వేలిముద్ర వేస్తే ఇంకొకరిని లీడరు చేస్తామన్నారు.”

“తెలుసులేమ్మా. పెండ్లయినప్పట్నుంచి ఆ ఫ్యాక్టరీలో పలకలు రుద్దినా. ఒక్కదాని మీదా నా పేరు రాసుకోలేదు.”

“మరి పలక బాగుందో లేదో ఎట్ల చూసేవాళ్ళు?”

“బలపంతో గీసి చూసేవాళ్ళం. మా ఆడోళ్ళకి అక్షరాలు యాడొచ్చు? అందరం ముగ్గులేసి చెరిపేవాళ్ళం.”

“అందుకా, ‘కొండమ్మ’లో డ నోరు మూసేసినావు!”

“గీత కలపకుండా వదిలితే ఇంటికి మంచిది కాదే.”

“అది ముగ్గుకవ్వా. ఇది నీ పేరు. నోరు మూస్తే డ కాదు, ఎవరూ చదవలేరు.”

“అట్లనా? చెరుపు, మళ్ళీ రాస్తా.”

అవ్వ నిదానంగా రాసింది. ఒక చోట గీత కలపబోయి ఆగింది.

“ఇప్పుడు చూడు.”

“అచ్చం పుస్తకంలో మాదిరే ఉందవ్వా! డ నోరు తెరిచే పెట్టినావు.”

“తెరవనీ. లీడరమ్మ పేరుకే నోరు లేకపోతే ఎట్ల?”