టికెట్ బొట్టు

తెలంగాణ కోసం సమ్మెతో బస్సులు బందయిన రోజు, కాటారంలో ధర్నా టెంటుకు పోతున్న తమ్ముణ్ణి అక్క ఆపింది. ఆదివారాలు చర్చిలో వాక్యం చెప్పే అతని నుదుటిన ఎర్రటి బొట్టు ఉంది.

"గిదేంది తమ్మీ, దెబ్బ తాకిందా?"

"లీడర్ పెట్టిండక్కా. గిట్లుంటేనే ఎంపీటీసీ టికెట్ వస్తదట. అంతా తెలంగాణ కోసమే."

"తెలంగాణ నిన్ను బొట్టు అడిగిందా? నేను సిలువ గొలుసుతోనే గీ ధర్నాల రోడ్డు మీద వంట చేస్తున్న. ఎవ్వలూ వద్దనలే."

"లోపల యేసయ్యే ఉన్నడక్కా."

"ఉంటడు పాపం. నువ్వే బయటికి రానిస్తలేవు."

"తుడిస్తే టికెట్ పోతది."

"ఉంచుకుంటే ఏం పోతదో, వాక్యం చెప్పెటోనివి, నీకెరుక లేదా?"

మైకులో అతని పేరు పిలిచారు. అక్క ముఖం చూడలేకపోయాడు. బొట్టు చెరగకుండా చుట్టూ చెమట తుడుచుకుని వేదిక ఎక్కాడు.