సావుకారి తేనె

డుంబ్రిగుడ సంతలో తేనె అమ్ముకుంటున్న గిరిజన స్త్రీ ఎదుట, అరకు బజారులో కొట్టున్న సావుకారు వచ్చి కూర్చున్నాడు.

“అక్కా, రేపు ఫుడ్ ఇన్‌స్పెక్టరు మళ్లీ వత్తన్నాడు. నా కొట్లో తేనె ఎవరికాడ కొన్నావని అడుగుతాడు. నువ్వే ఇచ్చేవని సెప్పాలి.”

“ఈ ఏడు నీకు ఒక్క సుక్క ఇవ్వలేదు కదా, సావుకారూ.”

“ఆ సంగతి మనిద్దరికే తెలుసు.”

“మరి నీ సీసాల్లో ఉన్నదేటి?”

“కొంచెం పంచదార పాకం కలిపేను. ఇప్పుడు రూల్సు మారిపోనాయి. సరుకు ఎక్కడిదో రుజువు సూపించమంటన్నారు.”

“నిరుడు నా సీసాలకి లేబులు లేదని ఆఫీసరుకి ఫోన్ సేసింది నువ్వే కదా.”

“అదీ రూలే కదక్కా. నాను పెట్టేనా?”

“తేనంతా కాలవలో పోయించినారు. ఆ తేనె తీత్తూనే మా ఆయన బండ మీంచి జారి నడుం ఇరగ్గొట్టుకున్నాడు. ఇప్పటికీ మంచం దిగలేడు. నువ్వు కాలవ గట్టు మీద నిలబడి నవ్వినావు.”

“తప్పయిపోనాది. కొట్టు మూసేత్తే నా పిల్లలేటి తింటారు?”

“మా పిల్లలేటి తిన్నారో నువ్వు అడిగినావా?”

“ఇంతకీ రేపు వత్తావా, రావా?”

“వత్తాను. ఆ తరవాత తేనె అమ్మడానికి లైసెన్సు తీసుకున్నప్పుడు రూల్సన్నీ నాకూ నేర్పినారు. ఇన్‌స్పెక్టరు అడక్కముందే సెప్తాను.”

“ఏటని?”

“నువ్వు పాకం ఏ గదిలో కాత్తావో. ఆ గది రోజూ ఊడ్సేది నా సెల్లెలే.”