సాయానికొచ్చిన అన్నయ్య

స్కానింగ్ గదిలో అన్నయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. డాక్టరైన చెల్లెలు తెర ముందు నుంచి కదల్లేదు.

"గుండ్రాయిలా ఉన్నానని చెప్పానా? నీ పరిశోధనలో రోగుల పక్కన పెట్టి పోల్చడానికి నాకంటే గట్టి మనిషి దొరకడు చెల్లీ."

"ఇలా రా. గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం ఇది. నీకు ఎక్కించిన మందు, దాని గోడ పాడవుతున్న చోట అతుక్కుని వెలుగుతుంది."

"ఇక్కడేదో మిణుగురులా ఉందే?"

"అదే. ఇంకా ఉబ్బలేదు. ఇప్పుడే దొరికింది కాబట్టి కనిపెట్టుకుని ఉండొచ్చు. సిగరెట్లు మాత్రం ఈ రోజుతో సరి."

"నాన్నకి చెప్పాపెట్టకుండా పగిలింది ఇదేనా?"

"ఇదే. నీకు మాత్రం ముందే కబురు పెట్టింది."

"అయ్యో, మరి పోలికకి ఇంకొకణ్ణి వెతుక్కోవాలేమో!"

"పోలికకి కావలసినవాళ్లు ఎప్పుడో దొరికారు అన్నయ్యా. పరీక్షకి రమ్మంటే ఏళ్ల తరబడి తప్పించుకున్నావు. సాయానికి రమ్మంటే పరిగెత్తుకొచ్చావు."