రొట్టెల విమానానికి కావలి

తూంకుంటలో కరీంనగర్ రోడ్డు పక్కన ఐలమ్మ చాయ్ బండి. ప్లాట్లు చూపించే పరమేశ్ అక్కడ గ్లాసు పట్టుకున్నాడంటే, ట్రాక్టర్ నడిపే యాదగిరికి ఆ పూట పని సాగదు.

"నేను గొప్పలు చెప్పుకునేటోన్ని కాదు యాదన్నా. గెలిచిన, గని ఏం లాభం? మనసుల సంబురం లేదు. కంప్యూటర్ల విమానాల లడాయి ఆట ఉన్నది గదా, దేశదేశాలోళ్లు ఒక్కపారి కూసొని ఆడేది, దాంట్ల మొన్న పొద్దుగాల రష్యాల ఉన్న లెనిన్‌గ్రాడ్ పట్నం లడాయి పెట్టిండ్రు. ఎనకట నిజంగ అయిందే. చలికాలం, జర్మనోళ్లు పట్నం చుట్టూత కమ్ముకున్నరు, లోపలోళ్లకు తిననీకి లేదు. గడ్డకట్టిన పెద్ద చెరువు మీదికెల్లి విమానాలల్ల రొట్టెలు పంపాలె. మచ్చ బొల్లారం భానుతేజ లేడూ, మందుల కంపెనీల చేసే పోరడు, దినాం ఈడ నా పక్కన కూసొని చాయ్ తాగేటోడు, రొట్టెల విమానం వానిది. వానికి కావలి నేను. పోంగ పోంగనే రెండు జర్మన్ విమానాలు కూల్చిన."

"రెండేనా?" అన్నాడు యాదగిరి.

"మొదట్ల రెండు. ఎన్కనే ఇంకో ఏడొచ్చినయ్. అన్నిటికి తెల్లరంగేసిండ్రు, మంచుల కనవడయ్. నేను కండ్లు మూస్కొని పెట్రోల్ వాసనతోని పట్టిన."

"ఆటల వాసనెట్లొస్తదే?"

"నాకొస్తది. ఇగ తుపాకుల గోలీలు ఒడిసినయ్. ఇంకొకడైతే ఇంటికొస్తడు. నేను రెక్కతోని ఒకన్ని నూకిన, వాడు పోయి ఇంకొకనికి తాకె, వాడు మరొకనికి తాకె, గట్ల తాక్కుంట తాక్కుంట ఇరవై కూలినయ్. సలి సంగతైతే అడగనే అడగకు. తెర మీద మంచుకు నా గదిల చాయ్ గడ్డకట్టింది, మా ఇంటామె కత్తిపీట మీద కోసి ముక్కలు పెట్టింది. మీసాలు బిర్రుగైతే ఇస్త్రీ చేపిచ్చుకున్న. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? చెరువు మీద గడ్డ పలిగి లారీలు మునుగుతున్నయ్. విమానం కిందికి దించి, ఒక్కో లారీని చక్రాలకు తగిలిచ్చుకొని ఒడ్డుకేసిన. జర్మనోళ్ల సర్దారు నాకు తెలుగుల రాసిండు, 'పరమేశన్నా, మాతోని కాదు, ఇగ ఆపుదాం' అని."

"వానికి తెలుగెక్కడిది?"

"భయమైతే ఏ భాషైనా వస్తది."

యాదగిరి నవ్వాడు. పరమేశ్ మాత్రం గ్లాసులోకి చూస్తూ అన్నాడు.

"గని ఒక్కటే రంది యాదన్నా. చెరువు సగం దాటినం. ప్లాట్లోళ్లు ఫోన్ చేస్తే ఇనవడాలె గదా, నేనెప్పుడు ఒక చెవి మీద హెడ్‌ఫోన్ పక్కకు జరిపే ఆడుత. ఒక్కసారే నా ఎన్కకెల్లి విమానం చప్పుడు! జర్మనోడే అనుకున్న. గిర్రున మలుపుకొని మబ్బులల్లకు ఉరికిన. వచ్చి సూస్తే భానుతేజ విమానం కూలిపోయింది. రొట్టెలు మంచు పాలు. ఆటైనంక దాని రికార్డు మళ్ల ఏసి సూస్కున్నడంట, 'అన్నా, నీ ఎన్క ఎవ్వడు లేడు, నన్నెందుకు ఇడిసిపోయినవే' అన్నడు. నేనేమో అందరు ఇనంగ అబద్ధాలకోరువి అన్న. గంతే. ఆటకు రాడు, ఈడికి చాయ్‌కి రాడు, ఫోన్ ఎత్తడు. వాడు పక్కన లేకుంటె ఏం మంచిగనిపిస్తలేదు."

ఐలమ్మ గిన్నె కడుగుతూ అడిగింది. "మరి నీ ఎన్క నిజంగనే ఉండెనా?"

"ఉండుడేంది ఐలమ్మక్కా! ఒక్కడు కాదు, పన్నెండు మంది! నా చెవులతోని ఇన్న..."

సరిగ్గా అప్పుడే బండి రేకులు అదిరేలా నెత్తి మీంచి ఒక విమానం పోయింది. పరమేశ్ మెడ ముడుచుకొని గిర్రున వెనక్కి తిరిగాడు. చాయ్ ప్యాంటు మీద ఒలికింది.

"ఇగో, గిట్లనే! అచ్చం గిదే చప్పుడు..." అంటూ తలెత్తి పోతున్న విమానం వైపు చూశాడు.

"గది హకీంపేట మిలిటరీల నడుపుడు నేర్సుకునే పోరగాండ్ల విమానం బిడ్డా," అంది ఐలమ్మ. "పొద్దుగాల నీ ఇంటి మీదికెల్లే తిరుగుతది. ఇరవై ఏండ్ల సంది ఇంటున్నవు. జర్మనోళ్లు తూంకుంటకు ఎందుకొస్తరు?"

యాదగిరి పొట్ట పట్టుకొని నవ్వాడు. పరమేశ్‌కు నవ్వు రాలేదు.

"అంటే వాడు చెప్పిందే నిజమా అక్కా? ఉత్త పుణ్యానికి ఇడిసిపెట్టి ఉరికిన. పైకెల్లి వాన్నే అబద్ధాలకోరన్న."

"నాకు చెప్తే ఏమొస్తది? వానికి చెప్పు. ఫోన్ ఎత్తకుంటె ఇంటికి పో. మచ్చ బొల్లారం రష్యాల ఉన్నదా?"

పరమేశ్ లేచి తన బైకు స్టార్ట్ చేశాడు.

"పోయినంక ఎన్ని విమానాలు కూల్చినవో మాత్రం చెప్పకు," అన్నాడు యాదగిరి, ఇంకా నవ్వుతూనే.

"కూలింది ఒక్కటే యాదన్నా," అన్నాడు పరమేశ్. "మా భానుతేజది."