ఇసుకెక్కిన కారు

యారాడ రేవులో గంగాలమ్మ పడవ నడుము విరిగి పడి ఉంది. మగవాళ్లు వేటకూ ఆడవాళ్లు చేపల అమ్మకానికీ వెళ్లిన వేళ, గట్టు మీద ఎవరో ఆపి వెళ్లిన నల్ల కారు దొర్లుకుంటూ వచ్చి దాన్ని గుద్దేసింది. కారులో వచ్చిన మారాజులు అటునుంచటే చక్కా పోయారు. ఊరంతా కలిసి ఆ కారును వల లాగే మోకుతో కట్టేశాక, ఇన్సూరెన్సు ఏజెంటు గురునాథరావు చెప్పులు చేత పట్టుకుని, ఇసుకలో దిగబడుతూ దిగాడు.

"అది కాదు గంగాలమ్మా, ముందు మోకు విప్పించు. కారు కదిలితే కదా పని కదిలేది!"

"పడవ కదిలినాక కారు కదుల్తాది బాబూ. మా రేవు కట్టుబాటది. ఒకడి పడవ ఇంకోడి పడవని ఇరగ్గొడితే, ఇరగ్గొట్టింది ఇసకెక్కాల. ఇరిగింది బాగయ్యి నీటిమీద తేలీదాకా రెండోది దిగకూడదు."

"అది పడవలకి. ఇది కారు."

"కారే మా పడవల్లోకి వొచ్చింది గానీ, మా పడవ మీ కార్లలోకి ఎల్లిందేటి?"

"దాలయ్యా, నువ్వైనా మీ ఆవిడకి చెప్పవయ్యా. కంపెనీ ఇస్తానంటోంది. ఒక్క వేలిముద్ర పడితే చాలు."

"ఒలే, బాబు ఎండలో నిలబడినారు. ఇచ్చిందట్టుకుని ఒగ్గీద్దుమే."

"నువ్వూరుకో మావా. బాబూ, ఏమాత్రం ఇత్తాది కంపెనీ? పడవంతా బాగయ్యేంతా?"

"అంతా అంటే..."

"ఆ, అంటే?"

"పావు వంతుకి వస్తుందనుకో."

"పావు పడవేసుకుని మా మావ పావు సముద్రం ఎల్తాడేటి?"

"వెటకారం వద్దు. వివరంగా చెబుతాను, విను. కారు రోడ్డెక్కాలంటే కనీసం ఇంత ఇన్సూరెన్సు ఉండాలని చట్టం. ఆ కనీసంతో సరిపెట్టుకుంటే, ఎదుటివాడి వస్తువు పాడైనప్పుడు కంపెనీ కాస్తే ఇస్తుంది. ఇంకొంచెం ఎక్కువ కడితే ఎక్కువ ఇస్తుంది. ఈ కారు ఓనరు కనీసమే కట్టాడు."

"ఎక్కువెందుకు కట్నేదు?"

"చాలామంది కట్టరు. ఏమవుతుందిలే అనుకుంటారు."

"తనకేటవుతాదిలే అనా? ఎదుటోడికేటైతే తనకేటిలే అనా?"

"అబ్బబ్బ, నీతో నెగ్గలేం! అసలు మీ పడవకి మీరే ఇన్సూరెన్సు చేయించుకుని ఉంటే ఈ గొడవే లేదు. ఎదుటివాడిది చాలకపోతే మీది అక్కరకొచ్చేది. అడిగితే నేనే చేయించేవాణ్ణి."

"సముద్రానికి బయపడి కట్టమంటే కడతాం బాబూ. ఇసకమీద ఎండలో తొంగున్న పడవని కారొచ్చి గుద్దీస్తాదని ఎవులు కడతారు?"

"ఒలే, ఏటకెల్లే రోజులెల్లిపోతన్నాయి. పరాయోడి పడవలో కూలికెల్తన్నాను నాను. నాకేనేటి బాగుంది? వొచ్చిందట్టుకుంటే..."

"పరాయోడి పడవలో తలొంచుకు కూకుంతన్నావని నాకు తెల్దా మావా? నా కడుపు రగిలిపోతంది. అందుకే ఏలిముద్ర ఎయ్యనంతన్నాను. బాబూ, ఏత్తే ఏటవుతాదో సెప్పండి."

"ఏముంది, అంతటితో అయిపోతుంది. ఇక ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు."

"ఎవులూ ఎవుల్నీ కాదు. నాను అడక్కూడదు. అంతే గదా?"

"అంతే అనుకో."

"ఎయ్యకపోతే?"

"కోర్టుకి తిరగాలి. తిరిగి తిరిగి కాళ్లరిగిపోతాయి."

"నెత్తిమీద గంపెట్టుకుని రోజూ ఈ కొండెక్కి దిగుతాను. మీ కోర్టు కొండకంటే ఎత్తేటి?"

"ఒలే, పెద్దోళ్లతో..."

"ఉండు మావా. బాబూ, కంపెనీ ఇయ్యని ముప్పావు ఎవులియ్యాలంతాది కోర్టు?"

"అది... చాలా ఉంటాయిలే. చూడాలి."

"సూడొద్దు. సెప్పండి."

"ఓనరు."

"గట్టిగా సెప్పండి. మా మావకి ఇనిపించనేదు."

"ఓనరే ఇచ్చుకోవాలి! ఇన్సూరెన్సు చిన్నదైతే కంపెనీ ఇచ్చేది తగ్గుతుంది గానీ, ఓనరు ఇవ్వాల్సింది తగ్గదు. సరేనా? కానీ ఆయన ఊళ్లో లేడు. మద్రాసు వెళ్లాడు. ఎప్పుడొస్తాడో దేవుడికెరుక."

"అయ్యో. మంచోడేనా బాబూ?"

"మంచివాడే. పిల్లలు గలవాడు. హ్యాండ్ బ్రేకు పట్టలేదు, పల్లంలోకి జారిపోయింది. ఏదో పొరపాటు. ఇలా అవుతుందని ఆయన మాత్రం కలగన్నాడా?"

"కలగన్నేదా?"

"లేదంటున్నానుగా! ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఇంక సెప్పక్కర్నేదు. సీతమ్మధారలో మీ ఇంట్లో అమ్మగారు నా కాడే సేపలు కొంతారు బాబూ. మీరు మొకానికి పేపరడ్డెట్టుకుని కూకుంతారు గావాల, నన్నెప్పుడూ సూళ్లేదు. మీ వాకిట్లో ఈ నల్ల కారు సక్రం కింద రోజూ రాయుంతాది. ఆ రాయి పక్కనే నాను గంప దింపుతాను. మీ గేటుకి తగలకుండా ఎట్టుకున్న రాయి, మా రేవులో ఎందుకెట్నేదు?"