వైరు ఊడలేదు

ఈ వీడ్కోలు సభకు పెద్దగా కూర్చున్న మన యజమాని ఆదినారాయణ గారికి, ముందు వరుసలోని మగ్గాల పెద్దలకు, వెనక గోడకానుకుని నిలబడిన మా డిజైన్ గది స్నేహితులకు, పూలదండ బరువుకు మెడ వంచి కూర్చున్న మా సరస్వతమ్మ అవ్వకు నమస్కారాలు, సలాములు. నా పేరు సబీనా. రోజూ పెనుకొండ నుంచి బస్సులో ధర్మవరం వచ్చి మన సర్వర్ చూసుకునేది నేనే. ఏ కాలేజీలోనూ చదవలేదు. విప్పి, పాడుచేసి నేర్చుకున్నాను. మాట్లాడటం కూడా అలాగే వస్తుంది, ఓర్చుకోండి. (నవ్వులు)

అవ్వ ముప్పై ఏళ్లు షెడ్డులో కూర్చుని, అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు అతికింది. వేళ్లకు బూడిద అద్దుకుని రెండు కొసలకు ఒక్క మెలి తిప్పితే అతుకు ఎక్కడుందో ఎవరికీ తెలిసేది కాదు. మోకాళ్లు పట్టేశాక, మేం కంప్యూటర్లో గీసిన చీర అంచుల్లో తప్పులు పట్టడానికి ఆమెను డిజైన్ గదికి పంపారు.

రెండేళ్ల కిందట, 2004 ఎండాకాలం అది. ఎనిమిది కంప్యూటర్లు, డిజైన్లన్నీ ఒకే సర్వర్లో, ఆ సర్వర్‌కు ఒకటే నెట్‌వర్క్ కార్డు, ఒకటే వైరు. పొద్దున్నే అందరూ ఒకేసారి ఫైళ్లు తెరిస్తే, నాగమణి తెర మీద నెమలికి తోక వచ్చేసరికి ఆమె టిఫిన్ తిని చెయ్యి కడుక్కుని వచ్చేది. (నవ్వులు) నిన్నే నాగమణీ, తల దించుకోకు. నేను ఎవరికీ చెప్పకుండా హిందూపురం నుంచి అలాంటి కార్డే ఇంకొకటి తెచ్చి బిగించి, రెండో వైరు లాగాను. ఒకే సర్వర్ కదా అని, యంత్రం వద్దంటున్నా వినకుండా, రెండు కార్డులకూ ఒకే అడ్రసు రాశాను. ఎవరు పిలిచినా రెండూ నేనంటే నేనని పోట్లాడుకున్నాయి. గది మొత్తం ఆగిపోయింది.

ఆరోజు సాయంత్రానికి బెంగళూరు ఆర్డరు పంపాలి. యజమాని వచ్చి "ఎవరబ్బా దీన్ని ముట్టుకునింది?" అన్నారు. నేను కీబోర్డు మీదికి వంగాను.

"నేనే సామీ. కుర్చీ జరిపితే వైరు ఊడొచ్చినాది" అంది అవ్వ.

"రేపట్నుంచి షెడ్డుకే పో" అన్నారాయన.

నేను రెండో వైరు లాగడం అవ్వ చూసినట్టుంది, ఆయన వెళ్లాక నా పక్కకు వచ్చింది. "ఏమ్మే, రెండు పోగులు పక్కపక్కన పెడితే జత అయితాదా? పురి యెయ్యాల గదా. పురి పడినాకే రెండిట్నీ ఒక పోగంటారు."

వెతికాను. రెండు కార్డులనూ ఒక జట్టుగా కట్టే చోటు సర్వర్ సెట్టింగుల్లోనే ఉంది. అడ్రసు కార్డులకు కాదు, జట్టుకు ఇవ్వాలి. కట్టాను. నా ఫైలు తెరిచాను. ఏమాత్రం వేగం లేదు. కోపంతో స్క్రూడ్రైవర్ ఎత్తాను.

"నీ ఒక్కదానికేనా? నీ పని ఒక వైరులోనే పోతాదేమో. అందర్నీ తెరవమను" అంది.

తెరిచారు. ఎనిమిది తెరల మీదికీ ఒక్కసారే రంగులు దిగాయి. చిలకపచ్చ, వంకాయ రంగు, మిరపపండు ఎరుపు. గది గదంతా ఎవరో మెల్లగా విప్పుతున్న పట్టుచీరలా కదిలింది. ఇప్పటికీ బస్సు పెనుకొండ కొండ కింద మలుపు తిరిగేటప్పుడు కళ్లు మూసుకుంటే నాకు అదే కనిపిస్తుంది. ఆ రంగుల్లోంచి అవ్వ కుంటుకుంటూ షెడ్డు వైపు నడుస్తూ ఉంటుంది. నేను లేచి ఆపను.

ఇందాక మన యజమాని గారు సరదాగా "వైరు పీకిన సరస్వతమ్మ" అన్నారు. మీరంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. రెండేళ్లుగా ఆ పేరు ఆమె మోస్తోంది, "సర్వర్ బాగుచేసిన పిల్ల" అనే పేరు నేను మోస్తున్నాను. అయ్యా, ఆరోజు ఏ వైరూ ఊడలేదు. ముట్టుకున్నది నేను.

కూర్చోమని సైగ చెయ్యొద్దవ్వా, నేను కూర్చోను. మోకాళ్లు వంచలేని మనిషిని రెండేళ్లు నేల మీద కూర్చోబెట్టింది నా పిరికితనం.

ఆదినారాయణ గారూ, రేపు నన్ను పంపించాలంటే పంపించండి. కానీ ఆమె ఈ గడప దాటేలోగా, ఇదే మైకులో, ఆ మాట వెనక్కి తీసుకోండి. ఇంతసేపు విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. అవ్వా, నీకు మాత్రం చెప్పాల్సింది కృతజ్ఞత కాదు. నన్ను క్షమించు.

మైకు ఇక్కడే పెడుతున్నాను. మీరు లేచి వచ్చేదాకా పక్కనే నిలబడతాను సార్. సెలవు.