బెంజమిన్ గీసిన గుమ్మి

ఇంటి బొమ్మకు "అవ్వ ఇల్లు కొత్తది రెండు" అని పేరు పెడితె కంప్యూటర్‌కు ఎట్ల తెలుస్తదయ్యా? నువ్వు పోయి పద్నాలుగు నెలలైంది, నీ బొమ్మల పేర్లు సక్కజేసుడు నాకింక ఒడువలే. గా ముచ్చట చెప్దామనే వచ్చిన.

జర ఆగు. నీ సమాధి మీద ఆకులు పడ్డయ్, తీస్త. గిక్కడ ఎవ్వలు ఊడుస్తలేరు. ఆరాధన అయిపోయింది, మీ అవ్వ, అదే మా అత్తమ్మ, చర్చి మెట్ల మీద ఆడోళ్లతోని కూసున్నది. మోకాళ్ల నొప్పి గదా, మెల్లగ వస్తది. ఆమె వచ్చేలోపట చెప్పుడు అయిపోవాలె.

పన్నెండేండ్లు ఒక్కటే ఆఫీసుల పక్కపక్క కుర్చీలల్ల కూసున్నం. బడి కంప్యూటర్లల్ల తెర మీద నొక్కే చిన్న చిన్న బొమ్మలు నువ్వు గీసుడు, నేను ఆటికి పేర్లు పెట్టి ఎక్కించుడు. పేర్లకు ఒక పద్ధతి ఉంటదని ఎన్నిసార్లు చెప్పిన నీకు? పెద్దది ముంగట, చిన్నది ఎనుక. మనం ఇంటిపేరు ముంగట పెట్టి సొంత పేరు ఎనుక పెట్టుకుంటలేమా, గట్ల. ముంగట ప్రింటరు, నడుమ చిన్న గీత, ఎనుక రంగు. రంగు ప్రింటరు బొమ్మ దొరకలేదనుకో, కంప్యూటర్ ఎనుక ముక్క కొట్టేసి ఉత్త ప్రింటరు బొమ్మ కోసం చూస్తది. ఇంటికాడ మనిషి లేకపోతె ఆ ఇంటోళ్లే ఇంకొకలు పలుకుతరు గదా, గంతే. అదీ లేకపోతె కింద ఇంకో బొమ్మల సెట్టు ఉన్నదా అని చూస్తది. ఆడ సుత లేకపోతె చిరిగిన కాయితం బొమ్మ ఒకటి పెట్టి ఊకుంటది.

నువ్వేమో అన్ని తిరగేసి పెట్టినవ్. రంగు ముంగట, ప్రింటరు ఎనుక. ఏందయ్యా అంటె, కంటికి ముందుగాల కనపడేది రంగే గదా అన్నవ్. ఆఫీసుల బెంజమిన్ పేర్లు అంటె ఒక నవ్వులాట. నేను సుత నవ్విన. నవ్వుకుంటనే నోట్‌బుక్కుల రాసుకున్న, నువ్వు పెట్టిన పేరు ఇది, కంప్యూటర్‌కు చెప్పాల్సిన పేరు ఇది అని. మూడువందల పన్నెండు పేర్లు.

మొన్న వానాకాలం మన మేనేజరు ఓంప్రకాశ్ సారు హైదరాబాదుకెళ్లి కొత్త సెట్టు తెప్పిచ్చిండు. అన్ని ఒక్కటే తీరు, రెండే రంగులు, ఇస్త్రీ చేసిన బట్టల లెక్క చదునుగ ఉన్నయ్. "ప్రిస్కిల్లా, దీన్ని పైన పెట్టు, బెంజమిన్‌ది కింద ఉండనియ్యి. కొత్తదాంట్ల ఏదన్న తక్కువ పడితె పాతది కనపడుతది, ఫికర్ లేదు" అన్నడు. మంచి మాటే. పద్ధతి సుత గదే.

గని ఎక్కించుకుంట ఒక్కొక్కటి చూసిన. ఏదీ తక్కువ పడలే. హైదరాబాదోళ్లు మూడువందల పన్నెండుకు మూడువందల పన్నెండు గీసిండ్రు. పేర్లు సుత పద్ధతిగ పెట్టిండ్రు.

అంటె ఏమైంది? నీ సెట్టు కింద ఉన్నదన్న పేరే గని, కంప్యూటర్ ఆడిదాంక దిగే పనే లేదు. ఒక్క బొమ్మ సుత కనపడది.

నాకు కోపమొచ్చింది. ఎవ్వలి మీద అంటె ఏం చెప్పాలె? పని సక్కగ చేసినోళ్ల మీద కోపం ఎందుకు రావాలె? అయినా వచ్చింది.

కొత్తయి తొమ్మిది తీసిన. తీసి పక్కకు పెట్టిన. సారు అడగలే, నేను చెప్పలే. గా తొమ్మిదింటి జాగల నీ తొమ్మిది పైకొచ్చినయ్. మంథనిల మీ అవ్వ పెంకుటిల్లు వచ్చింది. మనిషి బొమ్మ జాగల నా మొకం వచ్చింది. ముక్కు లేదు దానికి. అడ్డం పదహారు, నిలువు పదహారు గళ్లల్ల ముక్కు పట్టదే అన్నవ్ నువ్వు, ముక్కు లేకుంటనే పన్నెండేండ్లు బడి పిల్లలకు కనపడ్డ. పని అయినంక దాచిపెట్టే బొమ్మ జాగల నీ గుమ్మి వచ్చింది, వడ్లు పోసుకునే గుమ్మి. ఎండాకాలం సెలవులల్ల మంథనికి పోయి, మీ పెదబాపు ఇంట్ల కూసోని గీసుకొచ్చినవ్ దాన్ని.

అత్తమ్మకు చెప్పిన, నీ కొడుకు బొమ్మలు ఇంక నడుస్తున్నయని. ఆమె చర్చిల అందరికి చెప్పింది. మగ్దలేనమ్మ కొడుకు బొమ్మలు బడులల్ల ఉన్నయట అని పాస్టరమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. ఆ దినం నాకు ఎంత మంచిగనిపించిందో నీకు చెప్పలే. చెప్దామని వచ్చి, ఊకనే కూసోని పోయిన.

ఇగ పోయిన బుధవారం జైనూర్‌కెళ్లి ఫోన్ వచ్చింది. ఆడి బడి సారు సదానందం. కంప్యూటర్లు పెట్టనీకె పోయినప్పుడు ఇంటికి తీస్కపోయి జొన్నరొట్టె పెట్టిండు చూడు, ఆయన.

ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఉన్నదట, సోంబాయి. అడివిల ఏ చెట్టు పేరేంది, ఏ ఆకు దేనికి పనికొస్తదని పొద్దుమీకి వాళ్ల తాతను అడుగుడు, తెల్లారి బడికొచ్చి టైపు కొట్టుడు. దినానికి ఒక చెట్టు. ఇరవై రెండు చెట్లు చేసింది. కాయితం మీద ఏం రాసుకోలే, కంప్యూటర్ల ఉన్నది గదా అనుకున్నది. సదానందం సారు పిల్లలకు మొదటికెళ్లి ఒక్కటే నేర్పిండు, పని అయినంక గుమ్మిలెయ్యి బిడ్డా అని. పిల్ల గుమ్మిలనే ఏసింది. గని ఏ గుమ్మిల ఏసింది?

నీ సెట్టుల పారేసే బొమ్మ చీపురుకట్ట. గుమ్మి పక్కన చీపురు ఉంటె ఎవ్వలకు పరేషాన్ లేదు. కొత్త సెట్టుల పారేసేది చెత్తడబ్బా. గుండ్రంగ ఉంటది, పైన మూత, పొట్ట మీద గీతలు. నీ గుమ్మి పక్కన పెడితె అది ఇంకో గుమ్మి లెక్కనే ఉన్నది, నీ దానికంటె సాఫుగ ఉన్నది. పిల్ల దాంట్ల ఏసింది. నేనున్నా దాంట్లనే ఏస్తుంటి.

శనివారం శనివారం గా డబ్బా దానంతటదే ఖాళీ అయితది. జాగ సరిపోతలేదని అట్ల పెట్టింది సుత నేనే. బడుల పోటీకి పంపుదామని సదానందం సారు తెరిచి చూస్తె ఒక్క చెట్టు లేదట.

మల్ల తాతను అడిగి కొట్టమనుండ్రి సార్ అన్న.  తాత పోయిన నెల చచ్చిపోయిండు మేడం అన్నడు. పిల్లకు ఏడు చెట్లు యాదికున్నయట.

ఫోన్ పెట్టేసి ఏం చేసిన్నో తెలుసా? తొమ్మిది కొత్త బొమ్మలు మల్ల ఎక్కించిన. ఎవ్వలు చెప్పలే, నేనే ఎక్కించిన. కొత్తదాంట్ల దాచిపెట్టే బొమ్మ ఒక బాణం, దాని కింద ఒక గీత. ఏందో ఎవ్వలకు తెల్వదు గని, దాన్ని చూసి డబ్బా అని మాత్రం ఎవ్వలు అనుకోరు. నీ పెంకుటిల్లు పోయింది. నా మొకం పోయింది. గుమ్మి పోయింది. అయిదు నిమిషాల పని.

ఆడికి ఒడిసిపోతె మంచిగుండు. ఒడువలే.

శుక్రవారం సారు పిలిచిండు. జైనూర్ మాట పై ఆఫీసు దాంక పోయిందట. "కొత్త సెట్టుల అన్ని ఉన్నయన్నవ్ గదమ్మా, మరి గీ గుమ్మి ఎట్ల వచ్చింది? ఎవ్వలి తప్పో రాసియ్యాలె" అన్నడు. కోపంగ అనలే పాపం. మామూలుగనే అడిగిండు.

నేను నిలబడ్డ. నా పేరు నోట్లెకు వచ్చింది, నిజంగ వచ్చింది. పెదవుల దాంక వచ్చి ఆగింది.

"బెంజమిన్ పేర్లు సార్" అన్న. "ఆయన పేర్లు తిరగేసి పెట్టిండు గదా, కొత్తయి పాతయి కలువలే, గందుకే పాతయి పైకొచ్చినయ్" అన్న.

సారు తలకాయ ఊపిండు. ఒక్కలు సుత ఇంకో మాట అడగలే. నీ పేర్ల సంగతి అందరికి ఎరుకే, ఎవ్వలకు అనుమానం వస్తది? పాత బొమ్మలు గీసిన బెంజమిన్ నిర్లక్ష్యం అని కాయితం మీద రాసిండ్రు. కింద నేను సంతకం పెట్టిన. సదానందం సారుకు ఫోన్ చేసి సుత అదే చెప్పిన. "బెంజమిన్ సారా, మంచోడుండె" అన్నడు. 

రేపు నీ సెట్టు మొత్తం తీసెయ్యమన్నరు. కింద సుత ఉండొద్దట. పాస్‌వర్డు నా తాననే ఉన్నది, నేనే తియ్యాలె. నోట్‌బుక్కు సుత సారుకు ఇచ్చెయ్యాలె.

నువ్వు ఏమంటవో నాకెరుక. పోయి నిజం చెప్పు ప్రిస్కిల్లా అంటవ్. చెప్పనయ్యా. చెప్తె నౌకరి పోతది. మీ అవ్వను ఎట్ల చూసుకోవాలె? గా సంతకం పెట్టేటప్పుడు అనుకున్న, నా పేరు చెప్తె నాకు పోతది, ఈయన పేరు చెప్తె ఈయనకు ఇంకేం పోతది, పండుకున్నోడు పండుకునే ఉన్నడు గదా అని.

అబద్ధం. గట్ల అనుకోలే. నీ పేరు పోతదని ఎరుకనే ఉండె. ఎరుకుండే చెప్పిన.